హార్డ్ డిస్కులో పడి ఉన్న ఇంగ్లండ్ మంచు ఫొటోలు: చోటు, తేదీ పట్టుకుని మళ్ళీ బతికించుకోవడం ఎలా

ఆన్‌సైట్ మీదో చదువు కోసమో ఓ పది పదిహేనేళ్ళ కిందట ఇంగ్లండ్ వెళ్ళొచ్చిన వాళ్ళ ఇంట్లో బీరువా పై అరలో ఒక పాత హార్డ్ డిస్క్ తప్పకుండా ఉంటుంది. అందులో వేల ఫొటోలుంటాయి, వాటిలో సగానికి సగం మంచే. మంచులో కారు, మంచులో పార్కు, మంచులో చర్చి, మంచులో ఏదో గోడ. అప్పట్లో ఇంటికి పంపడానికి తీశాం, నాలుగు ఆర్కుట్‌లో పెట్టాం, తిరిగొచ్చాక మళ్ళీ తెరిచింది లేదు. ఇప్పుడు పిల్లలు "ఇదెక్కడ నాన్నా?" అని అడిగితే "ఇంగ్లండ్‌లో రా" అనడం తప్ప ఇంకో మాట రాదు.

నేను 2009 నుంచి 2012 దాకా ఉత్తర ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉన్నాను. ఈ మధ్య మూడు నెలల పాటు రోజూ రాత్రి గంటసేపు కూర్చుని ఆ ఫొటోలన్నీ ఒక దారికి తెచ్చాను. చేస్తూ చేస్తూ నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: రంగులు సరిచేయడం చివరి పని. ఫొటో తెరవగానే చెయ్యి బ్రైట్‌నెస్ మీదికే పోతుంది, పోనివ్వకండి. ఏ చోటు, ఏ రోజు, ఏ వేళ, ఎటు చూస్తూ తీశాం అనేవి ముందు తేలాలి. అవి తేలాక ఫొటోలో ఏది ముఖ్యమో మీకే తెలుస్తుంది, ఎంత సరిచేయాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

మొదట కాపీ, ఆ తర్వాతే చూడటం

పదేళ్ళు కదలని హార్డ్ డిస్కుని కంప్యూటర్‌కి తగిలించి తీరిగ్గా ఒక్కో ఫొటో చూస్తూ కూర్చోకండి. అది ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. నాకున్న రెండు డిస్కుల్లో ఒకటి తగిలించిన రెండో రోజే టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. అందులో 2009 వేసవి మొత్తం ఉంది. అంతకు ముందు రోజు సగం ఫోల్డర్లు కాపీ చేసి "మిగతావి రేపు చూద్దాంలే" అనుకున్నాను, ఆ మిగతావి పోయాయి. అందుకే చెబుతున్నాను, తగిలించిన పూటే మొత్తం కాపీ కావాలి. ఆ తర్వాత మూడు కాపీలు ఉండేలా చూసుకోండి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి కొత్త డిస్కులో, ఒకటి ఇంటి బయట, అంటే క్లౌడ్‌లోనో అన్నయ్య వాళ్ళింట్లోనో. సీడీలు, డీవీడీలు ఉంటే వాటినీ ఇప్పుడే ఎక్కించేయండి.

అసలు ఫైళ్ళున్న ఫోల్డర్‌ని 'ఒరిజినల్స్' అని పెట్టి, అందులో మళ్ళీ వేలు పెట్టకండి. పనంతా ఇంకో కాపీ మీదే చేయండి.

ప్రింట్లు ఉంటే వాటికి ఓపిక కావాలి. 2005కి ముందు వెళ్ళినవాళ్ళు ఇంటికి పోస్టులో పంపిన ఫొటోలు అమ్మ దగ్గర ఉంటాయి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోని గోటితో లాగితే వెనక పొర చిరుగుతుంది. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఒకటి తీసుకుని, ఫొటోకీ పేజీకీ మధ్య దూర్చి, రంపం లాగా మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే చక్కగా వచ్చేస్తుంది. అయినా రాకపోతే బలవంతం చేయకుండా పేజీతో సహా స్కాన్ చేయండి. 4 బై 6 అంగుళాల ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు, దాంతో 3600 బై 2400 పిక్సెళ్ళ బొమ్మ వస్తుంది. నెగెటివ్ దొరికితే మాత్రం ప్రింటు పక్కన పెట్టి నెగెటివే స్కాన్ చేయించండి, అక్కడ 2400 నుంచి 4000 డీపీఐ కావాలి. ఇంకోటి, ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయండి. ల్యాబ్ ముద్ర, ప్రింటైన తేదీ, "ఇక్కడ చలి బాగా ఉంది, నేను బాగున్నాను" అని రాసిన రెండు ముక్కలు, అన్నీ అక్కడే ఉంటాయి.

కెమెరా గడియారం ఏ దేశంలో ఉంది?

చాలామంది ఇక్కడే తప్పుదోవ పడతారు. మనలో ఎక్కువమంది కెమెరాని హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కొని, టైమ్ ఇక్కడే సెట్ చేసి, అక్కడికి వెళ్ళాక మార్చలేదు. అంటే ఫొటోలో దాగి ఉన్న టైమ్ మన టైమ్. ఇంగ్లండ్‌లో అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా మనకీ వాళ్ళకీ తేడా ఐదున్నర గంటలు. మిగతా రోజుల్లో వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుకుంటారు కాబట్టి తేడా నాలుగున్నర.

ఇది తేల్చుకోవడం చాలా తేలిక. డిసెంబరు చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లో సాయంత్రం నాలుగు దాటితే చీకటే. మీ ఫొటో చూస్తే 17:50 అని ఉండి, బొమ్మలో ఎండ కాస్తోంటే ఆ గడియారం మనదే. ఐదున్నర తీసేస్తే 12:20, అంటే మధ్యాహ్నం. దీన్ని ఒక్కో ఫొటోకీ చేయనక్కర్లేదు, డిజీక్యామ్, ఎగ్జిఫ్‌టూల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఫోల్డర్ మొత్తాన్ని ఒకే దెబ్బకి వెనక్కి జరుపుతాయి. జరిపాక తేదీ కూడా మారుతుందని గుర్తుంచుకోండి. 26వ తేదీ తెల్లవారుజామున రెండింటికి తీసినట్టు కనిపించే ఫొటో నిజానికి క్రిస్మస్ రాత్రి ఎనిమిదిన్నరకి తీసింది.

జరిపింది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే అదే రోజు ఫొటోల్లో ఎక్కడైనా గడియారం పడిందేమో వెతకండి. చర్చి గోపురం మీద, స్టేషన్‌లో రైళ్ళ బోర్డు మీద, బస్సులో, ఏదో ఒక చోట ఉంటుంది. ఒక్కటి దొరికితే చాలు, ఆ రోజు మొత్తం లెక్క కుదురుతుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి కెమెరా జనవరి 1కి వెళ్ళిపోయిన సందర్భాల్లో కూడా భయపడక్కర్లేదు, ఎందుకంటే ఫొటోకీ ఫొటోకీ మధ్య ఎడం నిజమే, ఒక్క ఫొటో అసలు టైమ్ తెలిస్తే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

చోటు పట్టుకోవడం: ఒక్క ఫొటోతో మొత్తం చూపిస్తాను

నా దగ్గర 'లేక్స్ డిసెంబర్' అనే ఫోల్డర్‌లో ఒక ఫొటో ఉంది. ముందు మంచు కప్పిన గట్టు, ఎడమ అంచున మా రూమ్మేట్ మంకీ క్యాప్ పెట్టుకుని ఒక చేతి గ్లవ్ తీసేసి స్టీలు డబ్బాలోంచి పులిహోర తింటున్నాడు, అతని వెనక దూరంగా తెల్లటి లోయ, లోయ నిండా నల్లటి గీతలు. ఫోల్డర్ పేరు చూసి పదేళ్ళుగా అది వాయవ్య ఇంగ్లండ్‌లోని సరస్సుల కొండప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్ అనే అనుకున్నాను. అది కాదు.

ఎలా తేలిందో చెబుతాను. ఫొటోని 200 శాతానికి పెంచి ఎడమ పై మూల నుంచి కుడి కింది మూల దాకా ఒక వరసలో, పొలం దున్నినట్టు, చూస్తూ వెళ్ళాను. లోయలో ఒక పొడవాటి సన్నని చిమ్నీ, దాని పొగ నిటారుగా లేచి ఒక ఎత్తులో అడ్డంగా పరుచుకుని ఉంది. లేక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య అంత చిమ్నీ నేనెక్కడా చూడలేదు. కొండల మధ్య లోయలో ఒంటరిగా అంత పొడవు చిమ్నీ అనగానే షెఫీల్డ్ పక్కనున్న కొండప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్‌లో హోప్ సిమెంట్ ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. షెఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి అది అక్షరాలా కొండగుర్తు.

ఇప్పుడు నిలబడింది ఎక్కడ? మామ్ టార్ కొండ 517 మీటర్లు, కాజిల్టన్ ఊరి పైన ఉంటుంది. మామ్ టార్ శిఖరం మీద నుంచి చూస్తే కాజిల్టన్ ఊరూ, దాని వెనక చిమ్నీ దాదాపు ఒకే వరసలో పడతాయి. శిఖరం దిగి గ్రేట్ రిడ్జ్ అనే ఆ పొడుగాటి గట్టు మీద ఈశాన్యంగా నడిచేకొద్దీ చిమ్నీ ఊరికి ఎడమ పక్కకి జరుగుతుంది. నా ఫొటోలో చిమ్నీ ఊరికి స్పష్టంగా ఎడమన ఉంది. అంటే శిఖరం మీద లేం, కిలోమీటరు పైనే నడిచి హాలిన్స్ క్రాస్ అనే చోటికి దగ్గర్లో ఉన్నాం. దగ్గరి వస్తువూ దూరపు వస్తువూ ఒకదానికొకటి ఎంత జరిగాయో చూడటం, ఇంతే కిటుకు. ఏ ఫొటోకైనా పనికొస్తుంది. చర్చి గోపురం ఒకటి, దాని వెనక కొండ అంచు ఒకటి పట్టుకోండి, మ్యాప్ మీద ఆ రెండిటినీ కలుపుతూ స్కేలుతో గీత గీసి మీ వైపుకి పొడిగించండి, మీరు ఆ గీత మీదే ఎక్కడో నిలబడ్డారు. ఇంకో జత దొరికితే రెండో గీత, రెండు గీతలు కలిసిన చోట మీ కాళ్ళున్నాయి.

నీడలు కూడా సాక్ష్యం చెబుతాయి. డిసెంబరు చివర్లో ఆ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి పదమూడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆరడుగుల మనిషికి పాతిక అడుగుల నీడ పడుతుంది. అదే రోజు అదే వేళ హైదరాబాద్‌లో ఆ మనిషి నీడ ఐదడుగుల చిల్లర. ఇక మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది కాబట్టి ఎటు చూస్తూ తీశామో చెప్పేయొచ్చు. నా ఫొటోలో మా వాడి నీడ ఎడమకి, కాస్త నా వైపుకి సాగింది. అంటే కెమెరా ఆగ్నేయం వైపు ఉంది. హాలిన్స్ క్రాస్ నుంచి చిమ్నీ సరిగ్గా అటే. గడియారం లెక్క, చిమ్నీ లెక్క, నీడ లెక్క మూడూ ఒకచోట కలిసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను, అర్ధరాత్రి లేచి ఆ రూమ్మేట్‌కి మెసేజ్ పెట్టాను.

చిమ్నీ లేని ఫొటోల్లో ఏం చేయాలి? రాయి చూడండి. ఇంగ్లండ్‌లో పాత ఇళ్ళూ గోడలూ దాదాపు ఎక్కడి రాయితో అక్కడే కట్టారు, కాబట్టి రాయి రంగే సగం చిరునామా. తేనె రంగు సున్నపురాయి ఇళ్ళయితే కాట్స్‌వోల్డ్స్. నల్లబడిన ఇసుకరాయి ఇళ్ళయితే యార్క్‌షైర్ వైపు. గులకరాళ్ళలాంటి ఫ్లింట్ పొదిగిన గోడలయితే నార్ఫక్ లేదా ససెక్స్. పీక్ డిస్ట్రిక్ట్‌లోనే రెండు రకాలున్నాయి: దక్షిణాన వైట్ పీక్‌లో పొలం గోడలు లేత సున్నపురాయి, ఉత్తరాన డార్క్ పీక్‌లో గ్రిట్‌స్టోన్ అనే ముదురు, గరుకు ఇసుకరాయి. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టే ఈ గోడల్ని డ్రై స్టోన్ వాల్స్ అంటారు, తరాల తరబడి అవి ఉన్నచోటే ఉంటాయి. మంచు పడ్డ రోజున పొలమంతా తెల్లబడి ఈ గోడలు మాత్రం నల్లటి గీతలుగా తేలతాయి. నా ఫొటోలో లోయ నిండా ఉన్న గీతలు అవే. ఎండాకాలం ఫొటోలో పచ్చదనంలో కలిసిపోయే గోడలు మంచు ఫొటోలో మ్యాప్ గీసినట్టు కనిపిస్తాయి, అందుకే చోటు వెతకడానికి మంచు ఫొటోలే మేలు అంటాను.

ఆ గీతల్ని పోల్చుకోవడానికి బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపులు వాడండి. ఆ సంస్థ 1791 నుంచి ఉంది. ఎక్స్‌ప్లోరర్ స్కేలు 1:25,000, అందులో ప్రతి పొలం గట్టూ, గోడా గీసి ఉంటుంది. ల్యాండ్‌రేంజర్ అనే ఇంకో వరస 1:50,000, అందులో పొలం గోడలుండవు, మన పనికి చాలదు. పాత మ్యాపులు కావాలంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్‌వి కూడా ఉచితంగా ఉన్నాయి, ఎడమన పాత మ్యాపు, కుడిన ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టి చూడొచ్చు. కొండల అంచులు పోల్చడానికి గూగుల్ ఎర్త్‌ని నేల మట్టానికి దించి తిప్పండి, లేదా పీక్‌ఫైండర్ అనే యాప్. ఇక జియోగ్రాఫ్ అనేది 2005లో మొదలైన ప్రాజెక్టు, బ్రిటన్, ఐర్లండ్‌లలో ప్రతి చదరపు కిలోమీటరుకీ ఫొటోలు చేర్చుతూ వచ్చారు, లక్షల ఫొటోలున్నాయి. అనుమానం ఉన్న చదరం తెరిచి చూస్తే ఎవరో ఒకరు అదే గేటు దగ్గర నిలబడి ఫొటో తీసి పెట్టే ఉంటారు.

ఊళ్ళల్లో తీసినవైతే గూగుల్ స్ట్రీట్ వ్యూ చాలు. అది యూకేలో 2009 మార్చిలో మొదలైంది, పాత ఏళ్ళ బొమ్మలకి వెళ్ళే సదుపాయం కూడా ఉంది కాబట్టి మీరున్నప్పటి వీధినే చూడొచ్చు. నేను మేమద్దెకున్న ఇంటి ముందు 2009 బొమ్మ చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

తేదీ తెలియని ఫొటోలకి

స్కాన్ చేసిన ప్రింట్లకీ, వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫొటోలకీ తేదీ ఉండదు. అప్పుడు కార్ల నంబరు ప్లేట్లు చూడండి. 2001 సెప్టెంబరు నుంచి అక్కడి ప్లేటు మీద రెండు అక్షరాలు, రెండు అంకెలు, మళ్ళీ మూడు అక్షరాలు ఉంటాయి. ఆ రెండంకెలు బండి రిజిస్టరైన కాలాన్ని చెబుతాయి: మార్చి నుంచి ఆగస్టు దాకా అయితే ఆ ఏడాది అంకెలు, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే దానికి 50 కలుపుతారు. 10 అంటే 2010 మార్చి తర్వాత, 60 అంటే 2010 సెప్టెంబరు తర్వాత. అంటే ఫొటోలో ఒక్క 60 బండి ఉంటే ఆ ఫొటో అంతకుముందుది అయ్యే వీల్లేదు. కొత్త బండి పాత నంబరు పెట్టుకోవచ్చు కానీ, పాత బండికి కొత్త ఏడాది అంకెలు పెట్టడానికి అక్కడ చట్టం ఒప్పుకోదు. ఏడాది అంకెలకి బదులు ముందో వెనకో ఒకే అక్షరం ఉంటే అది 2001 సెప్టెంబరుకి ముందు నంబరు.

ప్రసిద్ధ కట్టడాల్లో కూడా తేదీ దాగి ఉంటుంది. బిగ్ బెన్ గడియారం ముళ్ళూ అంకెలూ మనవాళ్ళు ఎక్కువమంది తీసిన ఫొటోల్లో నల్లగా ఉంటాయి. 2017లో మొదలైన పెద్ద మరమ్మతు తర్వాత వాటికి మొదట్లో ఉన్న ప్రష్యన్ నీలం తిరిగి వేశారు. నలుపా నీలమా చూస్తే చాలు, మరమ్మతుకి ముందో వెనకో తెలిసిపోతుంది. థేమ్స్ ఒడ్డు ఫొటోలో షార్డ్ భవనం సగం ఎత్తులో క్రేన్లతో ఉందా? అది 2010, 2011 ప్రాంతం, 2012కి పూర్తయింది. స్టోన్‌హెంజ్ రాళ్ళని దాదాపు ఆనుకుని పోయే ఏ344 రోడ్డు మీద కార్లు కనిపిస్తే 2013 జూన్‌కి ముందుది (కాస్త దూరంలో ఉన్న ఏ303 రోడ్డు కాదు, దాని మీద ఇప్పటికీ కార్లు పోతాయి), ఆ ఏడాది ఆ రోడ్డు మూసేసి గడ్డి వేశారు.

రెడింగ్, స్విండన్ వైపు పనిచేసిన వాళ్ళకి మాత్రం అన్నిటికంటే మంచి గుర్తు డిడ్‌కాట్ పవర్ స్టేషన్. రైలు కిటికీలోంచి ఎవరో ఒకరు దాన్ని తీసే ఉంటారు. ఆరు కూలింగ్ టవర్లుంటే 2014 జులైకి ముందు, మూడే ఉంటే 2014 జులైకీ 2019 ఆగస్టుకీ మధ్య, టవర్లు లేకుండా ఒక్క చిమ్నీ నిలబడి ఉంటే 2020 ఫిబ్రవరికి ముందు. ఇప్పుడు అక్కడ వాటిలో ఏదీ లేదు.

మంచు లోతు కూడా కొంత చెబుతుంది. యూకే మొత్తం మీద 1910 నుంచి ఉన్న లెక్కల్లో 2010 డిసెంబరు అంత చల్లటి డిసెంబరు ఇంకోటి లేదు. అదే ఏడాది జనవరి 7న బ్రిటన్ మొత్తం తెల్లగా కప్పబడిన దృశ్యాన్ని నాసా టెర్రా ఉపగ్రహం తీసింది. తర్వాత 2018 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వచ్చిన మంచుని 'బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్' అన్నారు. దక్షిణ ఇంగ్లండ్‌లో మోకాలి లోతు మంచులో మీరు నిలబడి ఉంటే ఇలాంటి రోజుల్లో ఏదో ఒకటి అయ్యుండే అవకాశం ఎక్కువ, మామూలు చలికాలాల్లో అక్కడ అంత పడదు.

'మంచు' అని ఒక్క మాట రాసి వదిలేయకండి

మన భాషలో మంచు అంటే అన్నీ వస్తాయి, తెల్లవారుజామున పొలాల మీద కమ్మేదీ మంచే, ఆకు మీద బిందువూ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. కానీ ఫొటోలకి పేర్లు పెట్టేటప్పుడు ఇవి విడగొట్టుకోకపోతే తర్వాత వెతుక్కోలేం. నేను నాలుగు పేర్లు పెట్టుకున్నాను. ఆకాశం నుంచి కురిసి నేల కప్పింది 'కురిసిన మంచు'. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకుండా ఉన్నప్పుడు గడ్డి పోచల అంచుల మీద ముళ్ళు ముళ్ళుగా పేరేది 'నూగు మంచు', దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి పోచకీ ఉప్పు అద్దినట్టు ఉంటుంది. చెరువూ గుంటా బిగుసుకుపోతే 'గడ్డ మంచు'. నదీ లోయల్లో పొద్దున కమ్మేది 'పొగమంచు'. ఇది చాదస్తం అనిపించొచ్చు. కానీ నూగు మంచు పట్టిన ఫొటో ఉందంటే ఆ ముందు రాత్రి మబ్బు లేదని అర్థం, అది కూడా తేదీ తేల్చడానికి పనికొస్తుంది.

ఇప్పుడు రంగులు

ఇంతవరకూ వచ్చాక అసలు ఫొటో తెరవండి. మంచు ఫొటోలు ఎందుకు బూడిద రంగులో, నీలంగా ఉంటాయంటే, కెమెరా ఏ దృశ్యమైనా సగటున మధ్యరకం బూడిద రంగే అనుకుని వెలుగు కొలుస్తుంది. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే "అమ్మో వెలుగెక్కువ" అనుకుని తగ్గించేస్తుంది. కాబట్టి ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫొటో వెలుగుని, ఒక స్టాప్ (రెట్టింపు) వరకు పెంచండి. కెమెరా ఏమీ దిద్దకుండా దాచే రా ఫైలయితే ఇంకా పెంచినా తట్టుకుంటుంది, జేపెగ్ అయితే ఒక్క స్టాప్ దాటితే ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలొస్తాయి. చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్, కుడి గోడకి గుద్దుకోకుండా చూసుకోండి, మంచులో అడుగుల గుర్తులు, గాలి గీసిన అలలు కనిపిస్తూ ఉండాలి. అవి మాయమైతే మంచు కాస్తా తెల్ల కాగితం అయిపోతుంది.

వైట్ బ్యాలెన్స్‌కి, అంటే తెలుపు ఏదో సాఫ్ట్‌వేర్‌కి చూపించడానికి, ఎండ పడ్డ మంచు మీద క్లిక్ చేయండి, నీడలో ఉన్న మంచు మీద కాదు. నీడలో మంచు నిజంగానే నీలంగా ఉంటుంది, దాని మీద పడే వెలుగు నీలాకాశం నుంచే వస్తుంది కదా. ఆ నీలాన్ని పూర్తిగా చంపేస్తే ఫొటోలో చలి పోతుంది. సాయంత్రం మూడు, మూడున్నరకి తీసినవైతే ఎండ కూడా నారింజ రంగులో ఉంటుంది, దాన్ని తెల్లగా చేయాలని చూడకండి. అక్కడి చలికాలం మధ్యాహ్నాలు అలాగే ఉంటాయి.

కెమెరా లోపల వెలుగు పడే సెన్సర్ మీద దుమ్ము ఉంటే మంచు మీద, ఆకాశంలో అదే చోట ప్రతి ఫొటోలో బూడిద చుక్క కనిపిస్తుంది. డార్క్‌టేబుల్, లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఒక ఫొటోకి సరిచేసి మిగతావాటికి అదే అతికించొచ్చు.

ఏఐతో పెద్దవి చేసే, పదును పెట్టే టూల్స్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకోవడానికైతే వాడుకోండి, కానీ వేరే ఫైలుగా దాచండి, చోటు తేలక ముందు మాత్రం అస్సలు వాడకండి. నేను ఒక ఫొటోని అలా పెంచితే దూరపు గోడలో లేని రాళ్ళు పుట్టుకొచ్చాయి, చర్చికి లేని కిటికీ వచ్చింది. ఆ కిటికీని పట్టుకుని రెండు రాత్రులు తప్పు చర్చి కోసం వెతికాను.

వీలైతే అదే చోట నిలబడి మళ్ళీ తీయండి

మళ్ళీ వెళ్ళే అవకాశం ఉంటే, లేదా అక్కడే ఉన్న తమ్ముడో చెల్లెలో చేసిపెడతానంటే, పాత ఫొటో ప్రింటు తీసి చేత్తో పట్టుకెళ్ళమనండి. మంచు పడే రోజు కోసం ఆగక్కర్లేదు, ఆగితే ఏళ్ళు పడుతుంది. పచ్చగా ఉన్నప్పుడు తీసినా పక్కపక్కన పెట్టి చూస్తే బాగుంటుంది. ముందు కాళ్ళు కుదరాలి, తర్వాతే జూమ్. దగ్గరి వస్తువూ దూరపు వస్తువూ పాత ఫొటోలో ఎలా ఉన్నాయో అలా వచ్చేదాకా పక్కకి జరగాలి, ముందుకీ వెనక్కీ నడవాలి, అప్పుడు ఫ్రేమ్ సరిపోయేలా జూమ్ చేయాలి. జూమ్‌తో మొదలుపెడితే ఎప్పటికీ కుదరదు.

పసుపు బాణం గుర్తున్న ఫుట్‌పాత్‌లు పొలాల మధ్యనుంచి వెళ్ళినా అందరూ నడవొచ్చు. గేటు ఎలా ఉందో అలాగే వదలాలి, రాతి గోడలు ఎక్కకూడదు, ఒక్క రాయి కదిలితే బారెడు గోడ జారుతుంది. చలికాలంలో వెళ్తే మూడింటికల్లా దిగిపోయేలా చూసుకోమనండి.

కొన్ని చోట్ల మళ్ళీ తీయడానికి ఏమీ మిగల్లేదు. నార్తంబర్లండ్‌లో రోమన్ల కాలపు హేడ్రియన్ గోడ మధ్య పల్లంలో ఒంటరిగా నిలబడి ఉండే సికమోర్ చెట్టుని 2023 సెప్టెంబరు 28 తెల్లవారేసరికి ఎవరో కోసేశారు. ఇద్దరు దోషులుగా తేలి 2025లో జైలుకి వెళ్ళారు. మొదలు నుంచి కొత్త చిగుళ్ళు వచ్చాయి కానీ ఆ చెట్టుని అలా చూడటం మన తరానికి లేదు. నా దగ్గర 2011 ఫిబ్రవరిలో తీసిన ఫొటో ఉంది. ఆకులు లేవు, ఆకాశం మబ్బుగా ఉంది, ముందు ఎవరో అపరిచితులు నడుస్తున్నారు, అందుకని పక్కన పడేశాను. ఇప్పుడు ఆ ఫొటోలో కొమ్మ కొమ్మా లెక్కపెట్టొచ్చు, ఆకులు లేకపోవడమే మేలైంది. ఇలాంటివి క్రాప్ చేయకండి, మనుషుల్ని చెరపకండి.

ఒక మాట గుర్తొచ్చింది. సర్రేలోని డోర్కింగ్‌లో ఆర్థర్ కాటన్ సమాధికో, లండన్ కెన్సల్ గ్రీన్‌లో సీపీ బ్రౌన్ సమాధికో వెళ్ళి తీసిన ఫొటోలు మీ దగ్గరుంటే వాటిని జాగ్రత్తగా పెద్ద సైజులో దాచండి, రాళ్ళ మీద అక్షరాలు చదవగలిగేలా ఒక ఫొటో విడిగా ఉంచండి. గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది డోర్కింగ్ వెళ్ళే ఉంటారు, అవి ఒక ఇంటి ఫొటోలుగా మిగిలిపోకూడదు.

చివరగా, పేరు రాయడం

ఫైలు పేరులో ముందు ఏడాది, నెల, తేదీ, తర్వాత చోటు. ఫొటో లోపలే క్యాప్షన్ రాసే చోటుంటుంది, అక్కడ తెలుగులో రాయండి, డిజీక్యామ్ తెలుగు చక్కగా తీసుకుంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎటు చూస్తూ, ఎవరున్నారు, ఎలా తేల్చారు, ఈ ఐదూ ఉండాలి. అనుమానం ఉన్నచోట 'బహుశా' అని రాయండి, పిల్లలు తర్వాత సరిచేసుకుంటారు. పులిహోర ఫొటోకి నేను రాసుకున్నది ఇది:

"2010 డిసెంబరు 27, మధ్యాహ్నం 12:20. పీక్ డిస్ట్రిక్ట్, గ్రేట్ రిడ్జ్ మీద, హాలిన్స్ క్రాస్ దగ్గర, బహుశా దానికి కొంచెం కింద. ఆగ్నేయం వైపు చూస్తూ. కురిసిన మంచు, గాలి లేదు, పొగ నిటారుగా ఉంది. లోయలో కాజిల్టన్, ఎడమన హోప్ సిమెంట్ చిమ్నీ. చిమ్నీ ఊరికి ఎడమన ఉండటం వల్ల, నీడ వల్ల చోటు తేలింది. పులిహోర ముందు రోజు రాత్రి కలిపింది, నిమ్మకాయ పిండింది, చింతపండు దొరకలేదు."